పిల్ల మనది, పేరు కొన్నవారిదా?

ప్రశ్న: భీమిలి దగ్గర రెండు మార్వాడీ ఆడగుర్రాలను సాకుతున్నాం. వాటి పిల్లలు పోటీల్లో గెలిచినా కొన్నవారి పేరే వినిపిస్తోంది. పెంపకందారుగా మా పేరు నిలవాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ బాధ న్యాయమైనదే. ఈ గుర్తింపు మీ హక్కు. అమ్మకముందే కాగితాలు పూర్తిచేసుకోండి, తర్వాత ఎవరూ పట్టించుకోరు. జత కట్టించిన రోజే మగగుర్రం యజమానితో తేదీ, దాని చిప్ (గుర్తింపు కోసం గుర్రం ఒంట్లో వేసే చిన్న పరికరం) నంబరు రాయించి సంతకం తీసుకోండి. చూడి కాలం సుమారు 11 నెలలు. ఈనిన తేదీ దానికి సరిపోకపోతే తండ్రి ఎవరన్న అనుమానం వస్తుంది.

అప్పుడు ఆదుకునేది డీఎన్‌ఏ పరీక్షే. పిల్ల జూలు నుంచి ఓ 30 వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కాగితపు కవరులో పొడిగా ఉంచండి. చాలామంది కత్తెరతో కోసి పంపుతారు. పరీక్షకు కావాల్సింది కుదురు కాబట్టి అది పనికిరాదు. ప్లాస్టిక్ సంచీలో పెడితే మన సముద్రపు తేమకు బూజు పడుతుంది.

పిల్లకు చిప్‌ను పశువైద్యుడు మెడకు ఎడమవైపు, జూలు కింద వేస్తారు. వేశాక స్కాన్ చేయించి 15 అంకెలూ మీరే రాసుకోండి. అమ్మకం పత్రంలో ఆ నంబరు పక్కన ‘పెంపకందారు’ అని మీ పేరు విడిగా ఉండాల్సిందే.

ఇంకో మాట: 2024లో కేంద్రం జాతీయ పశుగణ మిషన్ రాయితీని గుర్రాల పెంపకానికీ వర్తింపజేసింది. 50 శాతం, గరిష్ఠంగా రూ.50 లక్షలు. వ్యక్తులూ అర్హులే. వివరాలకు పశుసంవర్ధక శాఖను అడగండి.