ఒక ఫ్రేముకు ఒక క్రియ

చిరంజీవి అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు పేజీల బొమ్మల కథ అందింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి చదువుతున్నంతసేపూ మా అమ్మ గొంతే వినిపించింది, అందుకని ఆ చదువును లెక్కలోకి తీసుకోలేదు. 1986 గోదావరి వరద వచ్చిన రాత్రి ఆమె మీ అమ్మనీ పిన్నినీ ఎలా కాపాడుకుందో ఇంట్లో అందరం విన్నాం. దాన్ని కాగితం మీద పెట్టాలని తోచింది మాత్రం నీకే. నాకెంత సంతోషంగా ఉందో ఈ ఉత్తరంలో రాయలేను. ఇక రెండోసారి, మూడోసారి చదివినప్పుడు తట్టినవి చెబుతాను.

నీ స్క్రిప్టులో మొదటి వాక్యం ఇది: "అమ్మమ్మ నిద్ర లేచి, లాంతరు వెలిగించి, వంటింటి తలుపు తీసి, నీళ్లు చూసి, పిల్లల్ని లేపి డాబా మీదికి ఎక్కించింది." మంచి తెలుగు వాక్యం. కథగా అచ్చువేస్తే ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. కానీ దీన్నంతా నువ్వు ఒకే ఫ్రేములో, అంటే ఒకే బొమ్మ గడిలో పెట్టాలనుకున్నావు. ఇందులో ఆరు క్రియలున్నాయి. నువ్వు గీసేది ఏది? లేవడమా, తలుపు తీయడమా, ఎక్కించడమా? తేల్చుకోలేకపోయావు కాబట్టే ఆ ఫ్రేములో అమ్మమ్మ ఒక చేత్తో లాంతరు, ఇంకో చేత్తో మీ అమ్మను పట్టుకుని, తల మాత్రం వంటింటి వైపు తిప్పుకుని నిలబడింది. ఏ మనిషీ అలా నిలబడదు.

మన భాషలో ఉన్న సౌకర్యం ఇది. లేచి, తీసి, చూసి అంటూ అసమాపక క్రియల్ని ఎన్నయినా దండలా గుచ్చి, చివర ఒక సమాపక క్రియతో ముడి వేయవచ్చు. బొమ్మకు ఆ వీలు లేదు. బొమ్మలో ప్రతి క్రియా సమాపకమే. అందుకే నేను ఇన్నేళ్లూ ఒక అలవాటు పాటించాను. కథను ముందు మామూలు వాక్యాల్లో రాసుకుంటాను. తర్వాత ఎర్ర పెన్సిలుతో ప్రతి అసమాపక క్రియ దగ్గరా ఒక నిలువు గీత గీస్తాను. ఆరు ముక్కలు వచ్చాయనుకో, ఆరు ఫ్రేములు గీయమని కాదు. ఏ ముక్కను చూపించాలి, ఏ ముక్కను రెండు ఫ్రేముల మధ్య సందులో వదిలేయాలి అన్నది అప్పుడు కూర్చుని ఆలోచిస్తాను. స్క్రిప్టు రాయడమంటే నాకు ఆ ఆలోచనే, డైలాగులు తర్వాతి సంగతి.

నీ వాక్యాన్నే తీసుకుందాం. లాంతరు వెలిగించడం అవసరం లేదు. తర్వాతి ఫ్రేములో వెలుగుతున్న లాంతరు చేతిలో కనిపిస్తే, వెలిగించిందని పాఠకుడు తనంతట తానే అనుకుంటాడు. నేనైతే మూడు ఫ్రేములు చేస్తాను. మొదటిది చీకటి గది, మంచం మీద తెరుచుకున్న రెండు కళ్లు. రెండోది తలుపు గొళ్లెం మీద చెయ్యి, పక్కన లాంతరు. మూడోది వంటింటి నేల మీద నీళ్లు, ఆ నీళ్లలో లాంతరు వెలుగు, తేలుతున్న ఇత్తడి బిందె. అమ్మమ్మ ముఖం ఇంకా చూపించవద్దు. ఆ నీళ్లను ముందు పాఠకుడు చూడాలి. ఆమె ముఖం పేజీ తిప్పాక.

ఎప్పుడైనా చెన్నై వెళితే ప్రభుత్వ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్న గదికి వెళ్లు. అక్కడ ఒక గుండ్రని ఫలకంలో నలగిరి అనే మదపుటేనుగు కథ ఉంది. ఒక పక్క ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తోంది, మరో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. ఒకే వలయంలో ఒకే ఏనుగు రెండుసార్లు! ఆ శిల్పి ఏనుగు ఎలా శాంతించిందో చెక్కలేదు. కోపాన్ని చెక్కాడు, వంగిన తలను చెక్కాడు, మధ్యలో జరిగింది మనకు వదిలేశాడు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి రాయి అది. ఎన్నిసార్లు చూసినా దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు నాకు.

"నేనే గీస్తాను కదా మామయ్యా, స్క్రిప్టు ఎందుకు?" అని ఫోనులో అడిగావు. నువ్వే గీస్తావు కాబట్టే కావాలి. చెయ్యి తనకు ఇష్టమైనది గీస్తుంది. నీకు చెట్లు బాగా వచ్చు, అందుకే వరద కథలో నాలుగో పేజీ నిండా వేపచెట్టు ఉంది. వేరే చిత్రకారుడి కోసం రాసేవాళ్లు ప్రతి ఫ్రేమునూ మాటల్లో వివరించాలి. నీకు ఆ శ్రమ అక్కరలేదు. ఒక తెల్లకాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టు, ఒక్కో మడత ఒక పేజీ అనుకో. అందులో మొద్దు పెన్సిలుతో అగ్గిపుల్లల మనుషుల్ని గీయి. డైలాగులు మాత్రం పూర్తిగా, ఉన్నవి ఉన్నట్టు రాయి. జపాన్‌లో కామిక్స్ గీసేవాళ్లు ఈ చిత్తుప్రతిని నేము అంటారు. అసలు బొమ్మలు మొదలుపెట్టే ముందు సంపాదకుడికి దాన్నే చూపిస్తారు. ఈ దశలో పేజీ మార్చడానికి నిమిషం చాలు, ఇంకు పూశాక మార్చాలంటే కన్నీళ్లు వస్తాయి.

పేజీల సంగతి. డాబా మీది నుంచి ఊరంతా నీళ్లలో కనిపించే పెద్ద బొమ్మ నీ కథకు ప్రాణం. దాన్ని ఏడో పేజీలో పెట్టావు. పుస్తకం తెరిస్తే ఆరు, ఏడు ఎదురెదురుగా ఉంటాయి. ఆరో పేజీలో వాళ్లు ఇంకా మెట్లెక్కుతుండగానే పాఠకుడి కన్ను పక్క పేజీలోని నీళ్ల మీద పడుతుంది. ఏడో పేజీ చివర అమ్మమ్మ ఆఖరి మెట్టు మీద ఆగాలి, ఎనిమిదో పేజీ తిప్పితే ఊరు కనిపించాలి. కుడి పేజీ చివరి ఫ్రేములో ఆపు, ఎడమ పేజీలో చూపించు. ఫోనులో చదివేవాళ్ల కోసమే చేసేటట్టయితే పేజీ తిప్పడమే ఉండదు, ఆ బొమ్మకు పైన పొడుగ్గా ఖాళీ వదలాలి. ఏది చేస్తున్నావో ముందే నిర్ణయించుకో.

"కొంతసేపటికి", "ఇంకొంతసేపటికి", "తెల్లవారుజామున" అని ఫ్రేముల పైన ఉండే వివరణ పెట్టెల్లో తొమ్మిది చోట్ల రాశావు. నీ కథలో గడియారం నీళ్లే కదా! మొదట గడప, తర్వాత తలుపు గొళ్లెం, తర్వాత కిటికీ, చివరికి మెట్లలో పైనుంచి మూడోది. ఒకే గోడను ఒకే కోణంలో నాలుగుసార్లు గీయి, కాలం దానంతటదే గడుస్తుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. ఆ అంకె ఒక్కటి చివరి పేజీలో, ఏ వివరణా లేకుండా ఉంచు. మిగతా పెట్టెలన్నీ తీసెయ్యి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక కథకు "ఆ అడవి చాలా భయంకరంగా ఉంది" అని రాశాను. బొమ్మ వేసిన పెద్దాయన ఆ వాక్యం మీద పెన్సిలుతో గీత గీసి, "మరి నేనెందుకు గీశాను?" అని అడిగారు. మెల్లగానే అడిగారు. నేనది మరచిపోలేదు.

తెలుగు అక్షరం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు. వరుసల మధ్య ఎడం తగ్గిస్తే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడిని తొక్కుతుంది. చేత్తో రాసినా అంతే, కంప్యూటర్‌లో దించినా అంతే. పైగా మన మాటలు పొడుగు. "వెళ్లిపోవాల్సివస్తుందనుకోలేదు" అని నువ్వు రాసిన మాట ఒక్కటే బెలూనులో, అంటే డైలాగు రాసే బుడగలో ఒక వరుసకు సరిపోలేదు. మధ్యలో విరిస్తే చదివేవాడు తడబడతాడు. "ఇల్లు వదలాలా?" అంటే సరిపోయేది. బెలూనుకు పదీ పన్నెండు మాటలు మించనివ్వకు. డైలాగును ముందు అసలు సైజులో రాసి, దాని చుట్టూ బెలూను గీసి, మిగిలిన చోటులో మనిషిని గీయి. చాలామంది మనిషిని గీశాక మాటల కోసం మూల వెతుకుతారు. ఇంకొకటి, ముందు మాట్లాడేవాళ్లు ఎడమ పక్కన ఉండాలి. అయిదో పేజీలో జవాబు చెప్పే పిన్ని ఎడమవైపు ఉంది, అందుకే బెలూను తోకలు రెండూ ఒకదాన్నొకటి దాటాల్సి వచ్చింది.

పక్కింటాయన సంగతి నువ్వు రాసిన చోట నాకు కళ్లు చెమర్చాయి. గోడ తగాదాతో రెండేళ్లు మాటల్లేని మనిషి, ఆ రాత్రి తన పిల్లల్ని మన డాబా మీదికి అందిస్తూ అమ్మమ్మను "అక్కయ్యా" అని పిలిచాడు. అంతకుముందు పేజీలో ఆయన "మీరు", "మీ గోడ" అంటూ మాట్లాడాడు కూడా. ఆ ఒక్క పిలుపుతో అంతా అయిపోయింది. కానీ దాని కింద "ఆ రాత్రితో రెండు కుటుంబాల మధ్య వైరం తీరిపోయింది" అని రాశావు. దయచేసి కొట్టెయ్యి. ఆ ఫ్రేములో పిలుపు తప్ప ఇంకేమీ వద్దు. వెనకాల నీళ్లు కూడా వద్దు, నలుపు చాలు.

చప్పుళ్లకు "స్ప్లాష్" అని రాయకు. మనకు ధబ్బున, ఛళ్లున, బుడుంగున ఉన్నాయి, కిర్రుమనే తలుపులున్నాయి. అయితే వాటికన్నా ముందు అమ్మమ్మను అడుగు. నీళ్లు ఇంట్లోకి వచ్చేటప్పుడు చప్పుడే లేదని ఆమె నాతో చెప్పింది. వంటింట్లో బిందె తేలి గోడకు టంగున తగిలితే మెలకువ వచ్చిందట. అంటే నీ మొదటి పేజీలో ఒకే ఒక్క చప్పుడు ఉండాలి, అది బిందెది. ఆ రాత్రి లాంతరు ఏ చేతిలో ఉంది, డాబా మీద ఏం తిన్నారు, రేడియో ఎవరింట్లో ఉంది, అన్నీ అడిగి రాసుకో. ఆమెకు ఓపిక ఉన్న ఉదయం పూట అడుగు, సాయంత్రమైతే అలసిపోతుంది.

మొదటి పేజీ నుంచి మళ్లీ మడత కాగితాల మీద గీసి, వాటినే ఫొటో తీసి పంపించు. శుభ్రంగా గీసినవి ఇప్పుడే వద్దు.

ఇట్లు
మామయ్య