కార్గిల్‌లో ఫిరంగి దళంలో పనిచేసిన మీ నాన్నగారిని ఏమని అడగాలి?

అమ్మా, మీ నాన్నగారు ఫిరంగి దళంలో పనిచేసి, కార్గిల్ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు పెన్షన్‌పై మిర్యాలగూడ వచ్చారనీ, ఆ యుద్ధం గురించి ఇంట్లో ఒక్క మాట కూడా చెప్పరనీ రాశారు. వాడపల్లి వైపు సున్నపురాయి గనిలో పేలుడు వినిపిస్తే ఉలిక్కిపడి వాకిట్లోకి వస్తారనీ, వెనుక నుంచి పిలిస్తే పలకరనీ, పెళ్లిళ్లకు రావడం మానేశారనీ, ఆయన అక్కడ ఏం చూశారో ఎలా అడగాలో తెలియడం లేదనీ అన్నారు. నేను కూడా ఫిరంగి దళంలో హవల్దారుగా చేసి రిటైరైనవాణ్ని. 1999 వేసవిలో కార్గిల్ ప్రాంతంలోని ద్రాస్ దగ్గర ఒక మీడియం రెజిమెంట్‌లో గన్ మీద ఉన్నాను. మాది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. మీ నాన్నగారి మనసులో ఏముందో నేను చెప్పలేను కానీ, ఆ పని మనిషిని ఏం చేస్తుందో చెప్పగలను. ముందుగా ఆయన చెవులు పరీక్ష చేయించండి, ఆ తర్వాత యుద్ధం గురించి కాక ఆయన చేసిన పని గురించి అడగండి.

యుద్ధమంటే మన ఊళ్లలో చాలామందికి శత్రువును ఎదురుగా చూసి కాల్చడమే గుర్తుకు వస్తుంది. ఫిరంగి మీద పనిచేసే గన్నర్‌కు చాలావరకు శత్రువు కనిపించడు. కొండ మీద పదాతి దళంతో పాటు ఉన్న మా ఓపీ (పరిశీలన స్థావరం) అధికారి లక్ష్యాన్ని చూసి వైర్‌లెస్‌లో చెబుతాడు, కింద కమాండ్ పోస్టులో లెక్క కడతారు, గన్ దగ్గర మాకు వినిపించేవి దిశ, గొట్టం ఎత్తు, ఛార్జి (ఎంత మందు పెట్టాలో), ఎన్ని రౌండ్లు అన్న అంకెలు మాత్రమే. 155 మిల్లీమీటర్ల బోఫోర్స్ గుండు ఒక్కొక్కటి సుమారు 43 కిలోలు ఉంటుంది. పదివేల అడుగులు దాటిన ఎత్తులో, ఊపిరి చాలని గాలిలో, ఆ గుండ్లను లారీల నుంచి దించడం, తుడవడం, గుండును పేల్చే ఫ్యూజులు బిగించడం, మోయడం రాత్రింబగళ్లు సాగేది. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం మొత్తం మీద రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, మోర్టారు బాంబులు, రాకెట్లు ప్రయోగించిందనీ, టైగర్ హిల్ శిఖరం మన చేతికి వచ్చిన రోజున తొమ్మిది వేల దాకా ప్రయోగించిందనీ లెక్కలు చెబుతాయి. ఆ అంకెలలోని ప్రతి గుండునూ ఎవరో ఒకరు చేతులతో ఎత్తారని మీరు ఊహించుకుంటే, మీ నాన్నగారి యుద్ధం ఎలాంటిదో కొంత అర్థమవుతుంది.

శ్రీనగర్–లేహ్ రహదారి పక్కన మా గన్లు నిలిచిన చోట్లు చాలావరకు శిఖరాల మీది శత్రువుకు స్పష్టంగా కనిపించేవి. మేము కాల్చిన కొద్దిసేపటికే వాళ్ల గుండ్లు మా మీద పడేవి. అయినా నన్ను ఎక్కువగా వేధించిన భయం అది కాదు. మన జవాన్లు రాత్రిపూట కొండ ఎక్కుతుండగా వాళ్లకు కొంచెం ముందున్న బంకర్ల మీద మేము గుండ్లు వేయాలి. ఎత్తులో ఒక చిన్న అంకె తప్పితే ఆ గుండు మనవాళ్ల మీదే పడుతుంది. జూన్ 13న తోలోలింగ్ శిఖరం మన వశమైందన్న వార్త వచ్చినప్పుడు మా గన్ దగ్గర కేకలు వేసినవాళ్లున్నారు, ఏమీ మాట్లాడకుండా కూర్చుండిపోయినవాళ్లూ ఉన్నారు. రాత్రి పడుకునే ముందు తలుపు గడియను, గ్యాసు మూతను మళ్లీ మళ్లీ చూసుకునే అలవాటు నాకు ఆ రోజుల నుంచే వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

మీ నాన్నగారు పేలుడు విని వాకిట్లోకి రావడంలో నాకు వింత ఏమీ కనిపించలేదు. ‘టేక్ పోస్ట్’ (మీ స్థానాల్లోకి రండి) అన్న కేక వినగానే తింటున్న పళ్లెం వదిలి, నిద్రలో ఉంటే లేచి, గన్ దగ్గరకు పరిగెత్తాలని గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా ఉన్నప్పటి నుంచే మా ఒంటికి నేర్పారు. గనుల్లో పేలుడుకు సాధారణంగా ఒక వేళ ఉంటుంది, ముందుగా సైరన్ కూడా వేస్తారు. ఆ వేళ కనుక్కుని, ఆయనకు మామూలు మాటల్లో ముందే చెప్పి ఉంచండి. దీపావళికి కూడా అంతే. ముందే తెలిసిన శబ్దానికి ఒళ్లు అంతగా అదరదు.

ఇక చెవుల సంగతి. వెనుక నుంచి పిలిస్తే పలకరని, పెళ్లిళ్లకు రారని మీరు రాసినదాన్ని కోపమనో విరక్తి అనో అనుకోవడానికి ముందు వినికిడి లోపమేమో చూడాలి. ఒక్కసారిగా వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే ఒక్కసారికే చెవికి శాశ్వతంగా నష్టం జరగవచ్చు. పెద్ద ఫిరంగి దగ్గర అది 170కి పైనే ఉంటుంది. మాలో చాలామంది చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లం. దూది ఆ శబ్దాన్ని ఆపదు, పైగా ఆదేశం వినబడాలి కాబట్టి దాన్నీ తీసేసేవాళ్లం. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది సన్నని, కీచుగా ఉండే శబ్దాలు వినే శక్తి. అందువల్ల మనిషి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది గానీ ఏమన్నాడో తెలియదు. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు మరీ కష్టం. బ్యాండు మేళం మోగే పెళ్లి పందిట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే అలాంటి మనిషికి అది శిక్షలా ఉంటుంది. దీనికి తోడు చెవిలో ఎడతెగని రొద ఉంటే, ఇల్లంతా నిశ్శబ్దమైన రాత్రివేళ అది పెరిగి నిద్ర పోనివ్వదు.

కాబట్టి ఆయనను ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కు తీసుకువెళ్లి, చెవి డాక్టరుకు రాయించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈ పథకంలో వినికిడి పరికరాలు కూడా ఇస్తారు. డిశ్చార్జి పుస్తకం, రిటైరయ్యేటప్పుడు జరిగిన వైద్య బోర్డు కాగితాలు వెంట ఉంచుకోండి. ఫిరంగి దళంలో చేశారన్న మాట డాక్టరుకు మీరే చెప్పండి, మాలో చాలామంది దాన్ని చెప్పుకోరు. పరికరం పెట్టిన కొత్తలో గిన్నెల చప్పుడు కూడా చెవికి గుచ్చుకున్నట్టు ఉంటుంది కనుక మొదట ఇంట్లోనే అలవాటు చేయించండి.

పీడకలలు, అకారణమైన కోపం, తాగుడు, ఏదైనా వినగానే ఆ రోజుల్లోకి వెళ్లిపోయినట్టు కావడం వంటివి నెలకు మించి సాగుతుంటే అది చెవి డాక్టరు చూసే సమస్య కాదు, మానసిక వైద్యుణ్ని కలవాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని ఆయనకు మరొక ఫౌజీ చెబితే త్వరగా ఒప్పుకుంటారు.

అడగడం విషయానికి వస్తే, ఎంతమందిని చంపారని మాత్రం ఎవరినీ అడగనివ్వకండి. గన్నర్‌కు దానికి జవాబు తెలియదు, తెలియకపోవడమే కొందరికి బరువు. గన్ మీద మీది ఎన్నో నంబరు, నంబర్ వన్ (గన్‌కు పెద్ద) ఎవరు, లంగర్‌లో (సైనికుల వంటశాలలో) ఏం వండేవారు, ఆ ఏడాది చుట్టీ ఎప్పుడు దొరికింది అని అడగండి. 56 ఏపీఓ (సైనిక తపాలా కార్యాలయం) చిరునామాతో వచ్చిన ఉత్తరాలను మీ అమ్మగారు దాచి ఉంటే వాటి గురించి అడగండి. ద్రాస్‌లోని 5140 శిఖరానికి 2022లో గన్నర్ల గౌరవార్థం ‘గన్ హిల్’ అని పేరు పెట్టారు, ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో అడగండి.

చైనా సరిహద్దులోని గల్వాన్‌లో వీరమరణం పొందిన కర్నల్ సంతోష్‌బాబు గారి భౌతికకాయం 2020 జూన్‌లో సూర్యాపేటకు వచ్చినప్పుడు మీ నాన్నగారు అన్నం ముట్టలేదని కూడా రాశారు. ప్రాణమిచ్చినవారి ముందు తిరిగి వచ్చిన తన కథ చెప్పుకోదగినది కాదని మాలో ఎంతోమంది అనుకుంటారు. ఆ కథ వినడం మీకు ముఖ్యమని ఆయనకు తెలియాలి. టీవీ ఆపి, ఆయనకు ఎదురుగా, మీ పెదవులు కనిపించేలా కూర్చుని, ఒక్కో ప్రశ్నే అడగండి. చెప్పకపోతే ఒత్తిడి చేయకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దగ్గరలోని మాజీ సైనికుల సంఘం వివరాలు దొరకవచ్చు. ఇంట్లో చెప్పలేనివి కూడా ఆయన అక్కడి తోటి ఫౌజీలతో చెప్పుకోగలరు.