కొత్త కారుకి సెరామిక్ కోటింగ్, పీపీఎఫ్ ఇంట్లో మనమే వేసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నల్ల రంగు కారు బుక్ చేశారు, షోరూమ్‌లో కోటింగ్ ప్యాకేజీ తీసుకోమని పట్టుబడుతున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే సెరామిక్ సీసాలు (పెయింట్ మీద రాసే పూత), పీపీఎఫ్ రోల్స్ (పెయింట్ మీద అతికించే పారదర్శకమైన రక్షణ ఫిల్మ్), క్లియర్ కోట్ స్ప్రే డబ్బాలు చవగ్గా కనిపిస్తున్నాయి. ఇంట్లో మీరే వేసుకుంటే సరిపోతుందా అని అడుగుతున్నారు.

కోటింగ్ నిక్షేపంగా వేసుకోవచ్చు. ఫిల్మ్ చిన్న చిన్న చోట్ల వేసుకోండి, బానెట్టు, ముందు బంపరు చేయి తిరిగినవాళ్లకి వదిలేయండి. స్ప్రే డబ్బాల జోలికి మాత్రం వెళ్లొద్దు. నేను హైదరాబాద్‌లో ముదురు నీలం సెడాన్ నడుపుతాను, పని మీద సూర్యాపేట వైపు తరచూ వెళ్లొస్తుంటాను. నా కారుకి కోటింగ్ నేనే వేసుకుంటాను, మా బావగారి కారుకీ నేనే వేశాను.

ముందు మీ భయం దేని గురించో తేల్చుకోండి. రాళ్ల దెబ్బలా, సన్న గీతలా, ఎండా పక్షి రెట్టలా? ఎందుకంటే కోటింగ్ పని వేరు, ఫిల్మ్ పని వేరు. కంపెనీ పెయింట్ అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో మెరుపునిచ్చే పై పొర, అంటే క్లియర్ కోట్, 40 మైక్రాన్లకి అటూ ఇటూ. సెరామిక్ కోటింగ్ ఆరాక మిగిలేది మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు. టిప్పర్ టైరు కింద నుంచి ఎగిరొచ్చే కంకర రాయిని అది ఆపదు, అమ్మేవాళ్లు ఎంత గట్టిగా చెప్పినా సరే. సీసా మీద కనిపించే 9హెచ్ కూడా పెన్సిల్ మొనలతో గీసి చూసే పరీక్షలో ఇచ్చే గ్రేడు. కారుని తాళంచెవితో గీసినా ఏమీ కాదని దాని అర్థం కాదు.

పీపీఎఫ్ సంగతి వేరు. మంచి రకం టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) ఫిల్మ్ 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది, అంటే కింద ఉన్న మొత్తం పెయింట్ కన్నా మందం. రాయి తగిలితే ఆ దెబ్బ అదే తింటుంది. వియత్నాం యుద్ధ కాలంలో అమెరికా సైన్యం హెలికాప్టర్ రెక్కలకి ఇసుక, రాళ్ల దెబ్బ తగలకుండా వాడిన ఫిల్మే దీనికి మూలం. హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లు డబ్బు పెట్టాల్సింది దీని మీదే, అదీ ముందు భాగానికి. ఊళ్లోనే తిరిగే కారుకి కోటింగ్ చాలు.

కోటింగ్ వల్ల నాకు కనిపించిన లాభం ఏమిటంటే, కారు కడగడం తేలికైపోతుంది. దుమ్ము పట్టేసి కూర్చోదు, నీళ్లు కొడితే చాలావరకు జారిపోతుంది. పక్షి రెట్టలో ఉండే యూరిక్ యాసిడ్ ఎండకి పెయింట్‌లోకి దిగి మచ్చ చేస్తుంది కదా, కోటింగ్ ఉంటే మనకి కొంచెం టైమ్ దొరుకుతుంది. మా వీధిలో వరసగా కానుగ చెట్లు. వాటి కింద ఆపితే పూలు, జిగురు చుక్కలు కారంతా పడతాయి. కోటింగ్ వేశాక తడి బట్టతో ఒత్తి పెట్టి తీస్తే వచ్చేస్తున్నాయి.

ఇక వేసే పద్ధతి. ఇందులో సీసా తెరవడం చివరి మెట్టు, శ్రమంతా దానికి ముందే ఉంటుంది. కోటింగ్ కింద ఏ గీత ఉంటే అది అలాగే ఉండిపోతుంది కాబట్టి పెయింట్ శుభ్రంగా లేకపోతే ఎంత ఖరీదైన సీసా అయినా వృథా. కారుని నీడలో షాంపూతో కడగండి. తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టండి, బ్రేకుల నుంచి వచ్చి అతుక్కున్న ఇనుప పొడి ఉన్న చోట ఊదా రంగు తిరుగుతుంది. కడిగేశాక పాలిథిన్ కవర్‌లో చేయి పెట్టి బానెట్ మీద మెల్లగా రాసి చూడండి. కంటికి కనిపించని గరుకు వేళ్లకి తెలుస్తుంది. అది పోయేదాకా షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బార్, అంటే అతుక్కున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద, నడపాలి. క్లే కింద పడితే మళ్లీ వాడొద్దు, నేల మీది ఇసుక దానికి అంటుకుని పెయింట్‌ని గీసేస్తుంది. సన్న గీతలుంటే పాలిష్ చేయాలి. నల్ల కారు కొత్తదైనా యార్డులో ఎవరో పొడి బట్టతో తుడిచిన గీతలు ఉండే అవకాశం ఎక్కువ. ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిస్తే పాలిష్ జిడ్డు పోతుంది, కోటింగ్ పట్టుకుంటుంది.

వేయడం రెండడుగుల చదరం చొప్పున. అప్లికేటర్ మీద కొన్ని చుక్కలు వేసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి రాయండి. కాసేపటికి ఆ పూత మీద ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. అప్పుడు మెత్తటి మైక్రోఫైబర్ బట్టతో తుడిచి, రెండో బట్టతో ఇంకోసారి తుడవాలి. సీసా మీద రాసిన టైమ్‌ని మన ఎండాకాలంలో నమ్మొద్దు. ఏప్రిల్‌లో మా సెల్లార్‌లోనే నిమిషం తిరక్కుండా రంగులు వచ్చేస్తాయి, ఆలస్యం చేస్తే పూత బిగుసుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున్నే మొదలుపెట్టడం మంచిది. ఒక్కో భాగం అవగానే ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టి చూడండి. తుడవకుండా వదిలేసిన చోట నూనె మరకలా నల్లగా మెరుస్తుంది. దాన్నే హై స్పాట్ అంటారు. అప్పటికప్పుడైతే బట్టతో పోతుంది, మర్నాటికి పాలిష్ చేస్తే గానీ పోదు. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, సెల్లార్‌లో గాలి ఆడేలా చూసుకోండి. వాడిన బట్టలు గట్టిపడిపోతాయి, పారేయాల్సిందే. ఒక రోజంతా నీటి చుక్క పడకూడదు, వారం దాకా షాంపూ వద్దు.

ఫిల్మ్ విషయానికొస్తే, డోర్ అంచులు, హ్యాండిల్ వెనక గోళ్లు గీసుకునే గుంట, డిక్కీలో సామాను పెట్టేటప్పుడు సూట్‌కేసు రాసుకునే వెనక బంపర్ పై భాగం, ఇవి మీరే వేసుకోవచ్చు. ఆ కారు కొలతలకి ముందే కోసిన ముక్కలు కొనండి. పెయింట్ మీద పెట్టి బ్లేడుతో కోశారంటే ఫిల్మ్‌తో పాటు క్లియర్ కోట్ కూడా తెగుతుంది. స్ప్రే సీసాలో నీళ్లు పోసి నాలుగు చుక్కల బేబీ షాంపూ కలపండి. పెయింట్ తడపండి, ఫిల్మ్ జిగురు వైపు తడపండి, మీ వేళ్లు కూడా తడుపుకోండి. పొడి వేలు జిగురుకి తగిలితే ఆ ముద్ర పైకి కనిపిస్తూనే ఉంటుంది. ముక్కని జరుపుకుంటూ సరిగ్గా కూర్చోబెట్టి, మధ్య నుంచి అంచులకి స్క్వీజీతో (నీళ్లు నెట్టే పలక) నీళ్లు నెట్టేయండి. మూలలు కోసుగా ఉంటే కత్తెరతో గుండ్రంగా చేసుకోండి, కోసు మూల దగ్గరే లేవడం మొదలవుతుంది. లోపల చిన్న నీటి బుడగలు మిగిలితే సూదితో గుచ్చకండి, కొద్ది వారాల్లో అవే ఆరిపోతాయి. సెన్సార్ల మీదా కెమెరా మీదా ఫిల్మ్ పడకుండా చూసుకోండి.

బానెట్ ఎందుకు వద్దంటున్నానంటే, అంత పెద్ద షీటుని దుమ్ము పడకుండా, సాగదీసిన గీతలు రాకుండా, అంచులు లోపలికి మడిచి వేయాలంటే ఇద్దరు కావాలి, మూసిన గది కావాలి. మన సెల్లార్లలో అది కుదరదు.

చవక రోల్స్ గురించి ఒక మాట. పీపీఎఫ్ పేరుతో పీవీసీ కూడా అమ్ముతున్నారు. చిన్న ముక్క సాగదీసి వదలండి, టీపీయూ అయితే వెనక్కి వస్తుంది, పీవీసీ అలా సాగిపోయే ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన తెల్ల కారుకి అలాంటిదే వేయించుకున్నారు. ఎండకి పసుపు తిరిగి, పెళుసెక్కి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తూ లాగుతుంటే గోరంత ముక్కలుగా ఊడొచ్చింది, జిగురంతా పెయింట్ మీదే ఉండిపోయింది. ఆయనకి సాయం చేస్తూ నేనూ ఒక ఆదివారమంతా కూర్చున్నాను. యాక్సిడెంట్ తర్వాత మళ్లీ పెయింట్ వేయించిన డోర్ ఏదైనా ఉంటే ఇంకా జాగ్రత్త. అక్కడ ఫిల్మ్ తీసేటప్పుడు పెయింట్ కూడా లేచి రావచ్చు. కొత్తగా వేయించిన పెయింట్ మీద కనీసం ఒక నెల ఆగాకే ఏదైనా వేయాలి.

స్ప్రే డబ్బాలు ఎందుకు వద్దంటే, గట్టిపడే రకం క్లియర్ కోట్‌లలో ఐసోసైనేట్ అనే రసాయనం ఉంటుంది. అది పీలిస్తే ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది, మామూలు మాస్కు దాన్ని ఆపదు. పైగా మంచి కంపెనీ పెయింట్ మీద అది కొట్టాల్సిన అవసరమే లేదు.

ఇంత చేసి, రోజూ పొద్దున వాచ్‌మన్ ఒకే బకెట్, ఒకే పాత బట్టతో పది కార్లు తుడిచే పద్ధతికి మీ కారుని అప్పగిస్తే నెలల్లోనే ఎండలో సాలెగూడు లాంటి గీతలు తేలతాయి. నల్ల కారు మీద మరీ. మా వాచ్‌మన్‌కి అద్దాలు, టైర్లు మాత్రం చూసుకోమని చెప్పాను, బాడీ నేనే కడుక్కుంటాను. నీళ్లు కూడా ముఖ్యమే. బోరు నీళ్లు కారు మీదే ఆరితే తెల్లటి చుక్కలు పడతాయి, కోటింగ్ ఉన్నా పడతాయి. ఆర్వో నుంచి బయటికి పోయే నీళ్లతో చాలామంది కారు కడుగుతారు, వాటిలో బోరు నీళ్లలో కన్నా లవణాలు ఎక్కువ, వాడకండి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. బకెట్‌లో పట్టుకుని ఆఖరి కడుగు వాటితో కడిగి, వెంటనే బట్టతో ఆరబెట్టండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన మొదటి పని డెలివరీకి ముందే సేల్స్ అతనికి ఫోన్ చేసి, కారు కడగొద్దు, పాలిష్ పెట్టొద్దు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తెల్ల ఫిల్మ్ ముక్కలు పీకొద్దు అని గట్టిగా చెప్పడం. వీలైతే వాట్సాప్‌లో కూడా రాసి పంపండి. పూజ చేయించేటప్పుడు స్వస్తిక్ ముందు అద్దం మీద వేయమని అయ్యవారిని అడగండి. బానెట్ మీద వేస్తే తడి కుంకుమని ఆ సాయంత్రమే కడిగేయండి, కోటింగ్ ఆ తర్వాతి వారం వేసుకోవచ్చు.