పోయిన చోటే వెతుక్కోవాలంటున్న భర్త

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న పల్లె. 2022 జులై వరదకు మేము వేసిన నాలుగెకరాల పత్తి పోయింది. ఆ అప్పు తీర్చాలని మా ఆయన అంకెల మీద పందెం కాసే మట్కా మొదలుపెట్టారు. ఇప్పుడు నూటికి నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర బాకీ ఉంది. సాత్‌బారా అనే పొలం హక్కు కాగితం, సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితం అప్పిచ్చినాయన దగ్గరే ఉన్నాయి. పుట్టింటివారు పెట్టిన మూడు తులాల గొలుసు ఇస్తే, పోయిన చోటే వెతుక్కుని ఇక మానేస్తానని ఆయన అంటున్నారు. ఇవ్వకపోతే, తాను లేకుంటే ఇంటికి పట్టిన పీడ పోతుందంటున్నారు. జాతకం చూపిస్తే ఏలినాటి శని అన్నారు. మా అదృష్టం ఎప్పుడు మారుతుంది? గొలుసు ఇవ్వమంటారా?

జవాబు: గొలుసు ఆటకు ఇవ్వకండి. అయితే దాన్ని బీరువాలో దాచి ఊరుకోమని కూడా నేను చెప్పను, ఆ సంగతికి తరువాత వస్తాను.

మీరు రెండు నష్టాలను ఒకే మూటలో కట్టి, దానికి దురదృష్టమని పేరు పెట్టారు. వరదకు పత్తి పోవడం నిజంగానే దురదృష్టం. ఆ జులైలో గోదావరి, ప్రాణహిత రెండూ పొంగినప్పుడు ఏ రైతు చేతిలోనూ ఏమీ లేదు, అందులో మీ ఆయన తప్పు వెతకడం అన్యాయం. మట్కాలో పోయిన డబ్బు అలాంటిది కాదు. అది లెక్క ప్రకారమే పోయింది.

ఆ లెక్క చాలా చిన్నది. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు ఉన్నాయి, తగిలిన అంకెకు సాధారణంగా ఇచ్చేది తొమ్మిది రెట్లు. పది అంకెల మీదా తలా వంద పెడితే వెయ్యి రూపాయలు వెళ్లి, తొమ్మిది వందలు తిరిగి వస్తాయి. రెండు అంకెలు కలిపి కాసే జోడిలో వందకు ఒకటి తగిలే అవకాశం ఉంటే ఇచ్చేది తొంభై రెట్లు. అంటే ఆట నిజాయితీగా నడిచినా, పందెపు చిట్టీ మీద పెట్టే ప్రతి వంద నుంచి సగటున పది రూపాయలు ఆడించేవాడికే చేరుతాయి. ఏ అంకె మీద ఎంత డబ్బు పడిందో ముందే తెలిసినవాడు తెరవెనుక తీసే అంకె ఎంత నిజాయితీగా ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇక శని మాట. పదింటిలో ఒకటి తగిలే ఆటలో వరుసగా ఇరవైసార్లు ఏమీ తగలకపోవడం నూటికి పన్నెండు మందికి జరుగుతుంది. వారందరికీ ఏలినాటి శని నడుస్తోందనుకోలేము కదా. ఇరవైసార్లు పోయింది కాబట్టి ఇరవై ఒకటోసారి తప్పక వస్తుందనుకోవడం కూడా అంతే పొరపాటు, ఎందుకంటే నిన్న వచ్చిన అంకె నేటి అంకెకు గుర్తుండదు. పోయినదాన్ని రాబట్టాలని ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తూ పోతే, వంద రూపాయలతో మొదలైన మనిషి పదోసారికి 51,200 పెట్టాలి, అది కూడా పోతే మొత్తం 1,02,300 పోయినట్టే. వరుసగా పదిసార్లు తప్పడం నూటికి ముప్పై అయిదుసార్లు జరిగేదే. లక్షలు ఎలా పోతాయో మీకు ఇక్కడే అర్థమవుతుంది. జాతకం మీద మీకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ శాంతికీ రాయి ఉంగరానికీ మళ్లీ అప్పు చేయవద్దు.

పోయిన చోటే వెతుక్కోవాలన్నది చెవికమ్మ జారిపోయినప్పుడు చెప్పదగిన మాట. కమ్మ పడినచోటే ఉంటుంది. మట్కాలో పోయిన డబ్బు మాత్రం అదే రాత్రి మరొకరి జేబులోకి వెళ్లిపోయింది, ఆ చోట వెతకడానికి ఏమీ మిగలలేదు.

మట్కా ఆడేవారు చాలామంది పాత అంకెలను వరుసగా రాసి, గీతలు కలుపుతూ ఉండే నోటు పుస్తకం పెట్టుకుంటారు. మీ ఇంట్లోనూ అది ఉంటే చింపకండి, కాల్చకండి. ఆయన మనసు నెమ్మదిగా ఉన్న పూట దగ్గర కూర్చుని, ఏ రోజు ఎంత పెట్టారో ఒక వరుసలో, ఎంత వచ్చిందో మరొక వరుసలో ఆయన చేతనే రాయించండి. వందకు తొమ్మిది వేలు వచ్చిన రోజు ఎవరికైనా పేరుపేరునా గుర్తుంటుంది, ఆ తొమ్మిది వేల కోసం అంతకుముందు కట్టిన వందలు గుర్తుండవు. కూడిక ఆయనే వేయాలి, మీరు వేస్తే అది దెప్పిపొడుపు అవుతుంది.

ఇప్పుడు గొలుసు సంగతి. నెలకు నూటికి నాలుగంటే ఏడాదికి నలభై ఎనిమిది. లక్షన్నరకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 72,000 వడ్డీకే పోతుంది. బ్యాంకులో బంగారం కుదువ పెడితే వడ్డీ సాధారణంగా నెలకు నూటికి రూపాయి లోపే ఉంటుంది. మీ పేరు మీదే అప్పు తీసుకుని, ఆ డబ్బు ఆయన చేతికి ఇవ్వకుండా, పెద్దవారిలో ఒకరిని వెంట తీసుకుని వెళ్లి, అప్పిచ్చినాయనకు నేరుగా కట్టి, రసీదుతో పాటు సాత్‌బారా, ఖాళీ స్టాంపు కాగితం ఆ కూర్చున్న చోటే వెనక్కి తీసుకోండి. అప్పిచ్చినాయన ఇవ్వనంటే, మహారాష్ట్రలో 2014 సావుకారీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం నేరమని గుర్తు చేసి, తాలూకాలోని సహకార శాఖ సహాయక నిబంధక్ (అసిస్టెంట్ రిజిస్ట్రార్) కార్యాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చిట్టీ రాసేవాడి దగ్గర ఉద్దెర ఉంటే, ఆ పందెపు బాకీ కోసం అతను కోర్టుకు వెళ్లలేడు, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దానిని చెల్లనిదిగా చెప్పింది.

తాను లేకుంటే పీడ పోతుందన్న మాటను మాత్రం బెదిరింపుగా తీసుకుని వదిలేయకండి. అలాంటి ఆలోచన వస్తోందా అని సూటిగా, కోపం లేకుండా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే మీ అన్నదమ్ముల ఇంటికి పంపండి, ఆయనను ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం వారు ఏ వేళనైనా తెలుగులోనూ మరాఠీలోనూ ఉచితంగా మాట్లాడతారు. ఆటను ఆపుకోలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది కాబట్టి, వైద్యుని దగ్గరకు వెళ్లడం ఆయనకు నామోషీ కానవసరం లేదు.

ఒట్టు పెట్టించుకోవడం వల్ల ఉపయోగం తక్కువ. కష్టమంతా సాయంత్రం ఓపెన్ అనే మొదటి అంకె, రాత్రి క్లోజ్ అనే రెండో అంకె తేలే ఆ రెండు గడియల్లో ఉంటుంది. ఆ వేళకు ఫోను మీ దగ్గర ఉంచుకుని, ఆయన మాట వినే బావగారో, స్నేహితుడో మొదటి రెండు మూడు వారాలు రోజూ భోజనం వేళకు మీ ఇంటికి వచ్చి కూర్చునేలా మాట్లాడుకోండి.