జెనోవా వెళ్తున్నావట కదా, చిట్టీ

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వూ నీ స్నేహితురాలూ అక్టోబరు మొదటి వారంలో ఇటలీలో జెనోవా ఉన్న లిగూరియా తీరానికి వెళ్తున్నారని చెప్పాడు. అప్పటినుంచి ఒకటే సంతోషం, దాని వెనకే ఒకటే టెన్షన్. చిన్నప్పుడు భీమిలి ఒడ్డున నా వేలు పట్టుకుని "ఈ నీళ్లు ఎక్కడిదాకా వెళ్తాయి పెదనాన్నా" అని అడిగేదానివి. ఇప్పుడు నీ డబ్బుతో నువ్వే టికెట్ కొనుక్కుని చూడటానికి వెళ్తున్నావు. గర్వంగా ఉంది తల్లీ. నిద్ర మాత్రం పట్టలేదు, అందుకే తెల్లవారుజామున కూర్చుని ఇది రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. జర్మనీలో చదువుతున్నావు కాబట్టి వీసా గొడవ లేదు, పాస్‌పోర్టూ రెసిడెన్స్ పర్మిటూ దగ్గర పెట్టుకో. రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందే స్టేషన్లో మిషన్లో ముద్ర వేయించుకో, లేకపోతే జరిమానా వేస్తారు. హోటల్ బిల్లులో కోపెర్తో అని మనిషికింత వేస్తారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటిళ్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే తెరుస్తారు, ఆకలి వేసేదాకా ఆగకు.

తిండి గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను. పెస్తో అంటే వాళ్ల భాషలో దంచినది అనే అర్థం, అచ్చంగా మన రోటి పచ్చడే. పాలరాతి రోలు, కర్ర రోకలి, బాసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, రాళ్ల ఉప్పు, జున్ను, ఆలివ్ నూనె, అంతే. బాసిల్ మన తులసికి దగ్గరి చుట్టమే. జెనోవా బజారులో ఆ ఆకుల కట్ట చూసి మీ పెద్దమ్మ ఒక ఆకు తుంపి, వాసన చూసి, కళ్లకద్దుకుంది. ఆ కొట్టు ముసలావిడకి ఏం అర్థమైందో ఏమో, కట్ట మొత్తం చేతిలో పెట్టేసి డబ్బులు తీసుకోలేదు. త్రోఫియే అనే మెలికల పాస్తాలో బంగాళాదుంప, బీన్స్ వేసి పెస్తో కలుపుతారు, అది తప్పకుండా తిను. ఫరినాతా అని ఇంకోటి ఉంది, శనగపిండి, నీళ్లు, ఉప్పు, ఆలివ్ నూనె కలిపి పెద్ద పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, వేడిమీద మిరియాల పొడి చల్లుకుని తింటే ఇంటి మీద బెంగ సగం తీరుతుంది. జెనోవా నుంచి రైల్లో వెళ్తే కమోల్యి అనే ఊరికి ఒక స్టేషన్ ముందు రెక్కో వస్తుంది, అక్కడి జున్ను ఫొకాచా అనే రొట్టె కోసమైనా దిగు. పులియబెట్టని పిండిని రెండు పల్చటి పొరలుగా చాపి మధ్యలో మెత్తటి జున్ను పెడతారు. నీకు చేప ఇష్టం కాబట్టి మాంటెరోస్సోలో ఉప్పులో ఊరేసిన నెత్తళ్లు తిను, మన జాలరిపేట గుర్తొస్తుంది. నీ స్నేహితురాలు శాకాహారి అన్నారు, ఆ అమ్మాయికి ముందే చెప్పు, పర్మెజాన్ జున్ను కోసం పాలని దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు, పెస్తోలోనూ అదే పడుతుంది. మాంసం వద్దంటే చేప వేసి తెచ్చే వీలుంది, కాబట్టి "సెంత్సా కార్నే, సెంత్సా పెషే" అని రెండూ చెప్పాలి.

ఇక అసలు సంగతి. ఇది ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

1994 సెప్టెంబరు. మా ఓడ రిపేరుకని జెనోవాలో ఆగింది, ఆ ట్రిప్పులో మీ పెద్దమ్మ కూడా నాతో ఉంది. ఒక ఆదివారం సెలవు దొరికితే రైల్లో కమోల్యి వెళ్లి, అక్కడినుంచి పడవలో శాన్ ఫ్రుత్తువోసో వెళ్లాం. అక్కడికి బండి దారి లేదు. కొండల మధ్య చిన్న కడుపులాంటి చోట, నీళ్ల అంచున పాత మఠం, అందులో తెలుపూ బూడిద చారల రాతితో దోరియా వంశం వాళ్ల సమాధులు. ఆ నీళ్ల కింద 17 మీటర్ల లోతులో, చేతులు పైకెత్తిన క్రీస్తు కంచు విగ్రహం 1954 నుంచీ ఉంది. పడవలో వెళ్లాలి, లేదా కొండెక్కి నడవాలి, మూడో దారి లేదు.

మూడున్నర పడవకి వెళ్లిపోదామంది మీ పెద్దమ్మ. నేను చివరి పడవ ఉందిగా అన్నాను. టికెట్లు చూసే అతను సముద్రంవైపు చెయ్యి చూపించి ఒకే మాట అన్నాడు, "లిబెచ్చో". అంటే నైరుతి గాలి. ఆ మాట నాకు తెలియనిది కాదు, వాతావరణ పటాల మీద ఎన్నోసార్లు చూశాను. కానీ ఆ కొండల మధ్య నీళ్లు అద్దంలా ఉన్నాయి, పన్నెండేళ్లు ఓడ మీద బతికినవాణ్ణి, నాకు చెప్పేదేముంది అనుకున్నాను. గాలి రాకముందే అల వస్తుందనీ, నైరుతినుంచి వందల మైళ్లు అడ్డం లేకుండా దొర్లుకుంటూ వచ్చే ఆ నిడుపాటి అల ఒడ్డు దగ్గరే లేస్తుందనీ చదువుకున్నవాణ్ణే. గంట తిరక్కుండా రేవు గట్టు మీదకి నీళ్లు ఎగిరాయి. ఐదింటి పడవ వచ్చింది, రెండుసార్లు దగ్గరకి రాబోయి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

మిగిలిన కొద్దిమందీ బూట్లు బిగించుకుని కొండెక్కేశారు. కొండకి అవతలున్న పోర్తోఫీనో అనే ఊరికి రెండు గంటల నడక అన్నారు. మా దగ్గర సగం సీసా నీళ్లున్నాయి, టార్చి లేదు. ఆవిడ కాళ్లకి రైల్వే న్యూకాలనీలో కొన్న చెప్పులు. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కింది. సగం దారిలో చెప్పు తెగింది, నా చేతిరుమాలుతో కట్టాను, అదీ జారింది. చీకటి పడ్డాక పైన్ చెట్ల మధ్య, కుడివైపు లోయ, కింద ఎక్కడో అల కొండకి కొట్టుకునే చప్పుడు. ఒక రాయి దొర్లి మడమ మెలిపడింది. అమ్మా అని కూడా అనలేదు మనిషి. మూడు గంటల పైనే పట్టింది. పోర్తోఫీనో దీపాలు కనిపించినప్పుడు నేను క్షమించమన్నాను, ఆవిడ "ముందు నీళ్లు కొనండి" అంది. అంతే, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఒక్కమాట దెప్పలేదు. ఆ మడమ మాత్రం ప్రతి చలికాలం నొప్పి పెట్టేది. నేనే తైలం రాసేవాణ్ణి. ఆవిడ పోయి నాలుగేళ్లయినా ఆ సీసా ఇంకా బీరువాలోనే ఉంది.

అందుకని చెప్తున్నాను, చివరి పడవ అనేది లేదనుకో. దానికి ముందుదే నీ పడవ. మీ దగ్గర ఫోన్లున్నాయి, యాప్‌లున్నాయి, సరే, కానీ రేవులో పడవవాడు ఏదైనా అంటే అది వాటికన్నా ముందు విను. పట్టు ఉన్న బూట్లు కొను. డబ్బు చాలకపోతే నేను పంపుతాను, సిగ్గుపడకు. చింక్వే తెర్రే అని ఆ తీరంలోనే ఐదు ఊళ్లున్నాయి, మాంటెరోస్సో వాటిలో ఒకటి, అక్కడి కొండదారుల్లో హవాయి చెప్పులతో వస్తే జరిమానా కూడా వేస్తారు, మంచి పని చేస్తున్నారు.

ఆ ఐదూళ్లకి లా స్పెజియాకీ లెవాంతోకీ మధ్య తిరిగే రైలుంది, ఊరికీ ఊరికీ మధ్య కొద్ది నిమిషాలే. మాంటెరోస్సో నుంచి వెర్నాజ్జాకి మాత్రం నడవండి, రెండు గంటలు. పొద్దున్నే. కోర్నీల్యా ఒక్కటే కొండ మీద ఉంది, స్టేషన్ నుంచి 380 దాకా మెట్లెక్కాలి. దారిపక్క సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలుంటాయి, ద్రాక్షతోటల మట్టిని కొండకి పట్టి ఉంచేవి అవే. ఫొటో కోసం వాటి మీద ఎక్కితే నాకు కోపం వస్తుంది. అక్టోబరులో అక్కడ వానలు మాటలు కాదు. వేసవంతా వేడెక్కిన సముద్రపు తేమ ఆ నిట్టనిలువు కొండలకి తగిలి ఒక్కచోటే కురుస్తుంది. 2011 అక్టోబరు 25న వెర్నాజ్జా, మాంటెరోస్సో వీధులు బురదతో రాళ్లతో నిండిపోయాయి, మనుషులు పోయారు. మనకి హుద్‌హుద్ వచ్చిందీ అక్టోబరులోనే, నువ్వు మంచం కింద దాక్కున్నావు, మర్చిపోలేదు కదా. "అల్లెర్తా" అంటే వాతావరణ హెచ్చరిక, అది నారింజ రంగో ఎరుపో కనిపిస్తే ఆ రోజు జెనోవాలోనే ఉండండి. పాత ఊరి ఇరుకు సందులు, గారిబాల్ది వీధిలో మేడలు, అక్వేరియం, ఒక రోజు చాలదు. అలాంటి రోజు దండగైందని ఏడవకు.

రోజూ రాత్రి గదికి చేరగానే ఒక్క మెసేజ్ పెట్టు. మీ నాన్నకి కాదు, నాకు. ఇక్కడ ఎంత రాత్రైనా మెలకువగానే ఉంటాను.

శాన్ ఫ్రుత్తువోసో వెళ్లొద్దని మాత్రం అనను. రేవు దగ్గర రాతి గట్టు ఉంటుంది, మీ పెద్దమ్మ దాని మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి, విశాఖ నీళ్లకన్నా చల్లగా ఉన్నాయండీ అంది. నువ్వూ కాసేపు అక్కడ కూర్చో, నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో నాకు చెప్పు. మూడున్నర పడవకి వచ్చెయ్యి.

నీ పెదనాన్న