పెద్ద తెర ఇచ్చారు, వీడియోల దగ్గరే ఆగిపోయాను

ప్రశ్న: జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా తరగతి గదిలో పెద్ద టచ్ తెర బిగించారు. మూడు రోజుల శిక్షణలో ఏ మీట నొక్కితే ఏది వస్తుందో చూపించారు. వచ్చాక వీడియోలు వేయడం తప్ప మరేమీ చేయలేకపోతున్నాను. పిల్లలు సినిమా చూసినట్టు చూస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?
– ఒక ఉపాధ్యాయిని, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మాకు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వచ్చిన రోజుల్లోనూ ఇదే తంతు. బల్బు మార్చడం నేర్పి పంపించారు. ఏడాది తిరగకుండా అది బీరువా ఎక్కింది.

తెర సంగతి కాసేపు పక్కన పెట్టండి. పదో తరగతి విద్యుత్ పాఠంలో మీ పిల్లలు ఏటా ఎక్కడ తడబడతారు? నా పిల్లలైతే ఓమ్ నియమం లెక్కలు చకచకా చేసేవారు. కానీ బల్బు కొంత కరెంటు తినేస్తుందనీ, మిగిలినదే బ్యాటరీకి తిరిగి వెళుతుందనీ గట్టిగా నమ్మేవారు.

సిమ్యులేషన్, అంటే తెర మీద చేసి చూసే నమూనా ప్రయోగం, పనికొచ్చేది అక్కడే. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ (PhET) అనే సిమ్యులేషన్ల వెబ్‌సైట్‌లో సర్క్యూట్లు కట్టేది ఉంది. ఉచితం. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది. కరెంటును కొలిచే అమ్మీటర్లు బల్బుకు అటొకటి, ఇటొకటి పెట్టండి. స్విచ్ వేయకముందే ఏది ఎక్కువ చూపిస్తుందో నోటుపుస్తకంలో రాయమనండి. నోటితో చెప్పమంటే అందరూ మొదటి ర్యాంకు పిల్ల మాటే అంటారు! తర్వాత స్విచ్ వేయండి. రెండింటిలో ఒకే అంకె. ‘మరి బల్బు తీసుకున్నది ఏమిటి?’ అని గోల చేస్తారు. వెంటనే జవాబు చెప్పేయకండి. శక్తి అన్న మాట వాళ్ల నోట రానివ్వండి.

ఇదంతా ముందు స్టాఫ్ రూములో మీ లెక్కల మాస్టారిని విద్యార్థిగా కూర్చోబెట్టి చేసి చూడండి. నేను ఆ పని చేయక ఒకసారి ఇరుక్కుపోయాను. ఫోనులోని సెన్సారుతో త్వరణం చూపిద్దామని వెళితే, బల్ల మీద కదలకుండా ఉన్న ఫోను 9.8 చూపించింది. ‘కదలనిదానికి త్వరణం ఏమిటి టీచర్?’ అన్నాడు వెనక బెంచీవాడు. నాకు నోట మాట రాలేదు. ఆ సెన్సారు పట్టుకునేది బల్ల ఫోనును పైకి నెట్టడాన్ని అని ఆ రాత్రి తెలిసింది. మర్నాడు దిండు మీదికి ఫోను వదిలాం. పడుతున్నంతసేపు అంకె సున్నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు బడి గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

విద్యార్థిగా కూర్చున్న లెక్కల మాస్టారి రుణం తీర్చుకోవాలంటే, సిమ్యులేషన్‌లో బ్యాటరీ వోల్టేజీ మార్చుతూ రాసుకున్న అంకెలు ఆయనకు ఇవ్వండి. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ జియోజిబ్రాలో గీతగా వేస్తారు. వోల్టేజీని నిలువు అక్షం మీద తీసుకుంటే ఆ గీత వాలే మీ నిరోధం.

అన్నట్టు, నిజం బ్యాటరీ, బల్బు కూడా బల్ల మీద ఉంచండి. తెర మీది బ్యాటరీ ఎన్నటికీ అయిపోదు, తీగ ఊడదు. మన ల్యాబులో రెండూ జరుగుతాయి కదా.