ఆపరేషన్ తర్వాత గొంతు బొంగురు: మూడు వారాలు ఎందుకు ఆగారు?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. షుగర్ ఉంది. మూడు వారాల క్రితం పిత్తాశయంలో రాళ్లకు ల్యాపరోస్కోపీ ఆపరేషన్ చేశారు. కుట్లు మానాయి, గొంతు బొంగురు మాత్రం పోలేదు. మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ రెండు కోర్సులు, వాపు తగ్గడానికని వాళ్లిచ్చిన చిన్న తెల్ల మాత్రలు వాడాను. మత్తు ఇచ్చినప్పుడు గొంతులో వేసే ట్యూబు కఫ్‌లో గాలి ఎక్కువైతే ఇలా అవుతుందని, ఆ ఒత్తిడిని మీటరుతో కొలవాలని చదివాను. నాకు కొలిచారో లేదో ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కఫ్ సంగతి తర్వాత. ముందు ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ట్యూబు వేసినందుకు గొంతు నొప్పి, కాస్త బొంగురు చాలామందికి ఉంటాయి. సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. వారం దాటినా గొంతు రాకపోతే సన్నని కెమెరాతో స్వరపేటికను చూడాల్సిందే. ఓపీలోనే అయిపోయే పరీక్ష అది. మీరేమో మూడు వారాలు మెడికల్ షాపు చుట్టూ తిరిగారు!

ట్యూబు ఒరిపిడికి వచ్చిన వాపు ఇన్ఫెక్షన్ కాదు, దానికి అజిత్రోమైసిన్ ఏం చేస్తుంది? ఇక ఆ చిన్న తెల్ల మాత్రలు స్టెరాయిడ్ అయ్యుంటాయని నా అనుమానం. షుగర్ ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోవాల్సిన మందు కాదది. వెంటనే షుగర్ చూపించుకోండి. ఇంకా వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, స్ట్రిప్పు పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు మీరు అడిగినది. ట్యూబు చివర ఉండే బుడగే కఫ్. అందులో గాలి నింపితే శ్వాసనాళం గోడకు ఆనుకుంటుంది. మిషన్ ఇచ్చే గాలి బయటికి పోదు, కడుపులోంచి పైకొచ్చిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి జారదు. ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం (ఈ ఒత్తిడిని కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 30 దాటితే లోపలి పొరకు రక్తం సరిగా అందదు. 20 కంటే తగ్గితే పక్కల నుంచి ద్రవాలు జారతాయి. చాలా థియేటర్లలో ఇప్పటికీ కఫ్‌కు కలిపి బయట వేలాడే చిన్న బెలూన్‌ని వేళ్లతో నొక్కి అంచనా వేస్తారు. మత్తు డాక్టర్‌గా నేనూ ఏళ్ల తరబడి అలాగే చేశాను. ఒత్తిడి కొలిచే మీటరు (మానోమీటర్) పెట్టాక తెలిసింది, నా వేళ్లు ఎంత తప్పు చెప్పేవో. పైగా ఒకసారి కొలిస్తే సరిపోదు. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు వాయువు వాడితే అది మెల్లగా కఫ్‌లోకి చేరి ఒత్తిడి పెంచుతుంది. తల కదిపినా మారుతుంది.

మత్తు రికార్డు కాపీ అడగండి. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని నిబంధన ఉంది. అయితే అందులో ఆ అంకె లేనంత మాత్రాన కొలవలేదని కాదు, ఉన్నంత మాత్రాన మీ గొంతు సమస్యకు కారణం దొరికినట్టూ కాదు. స్వరతంతువుల నరం నొక్కుకుపోవచ్చు, ట్యూబు వేసేటప్పుడు స్వరపేటికలోని చిన్న కీలు పక్కకు జరగొచ్చు, ట్యూబు ఒరిసిన చోట కండ పెరగొచ్చు. ఆపరేషన్‌తో సంబంధం లేనిదీ అయ్యుండొచ్చు. ఉత్తరం చూసి ఏదని చెప్పలేను. కీలు జరిగితే మాత్రం ఎంత తొందరగా సరిచేస్తే అంత మంచిది, అందుకే ఆలస్యం అంటే నాకు టెన్షన్.

ఊపిరి పీల్చేటప్పుడు గురగుర శబ్దం, ఆయాసం, నీళ్లు తాగితే పొలమారడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ సమ్మరీ, వాడిన మందుల స్ట్రిప్పులు అన్నీ వెంట తీసుకెళ్లండి.